ఇరవై మూడో దారం

టేపు మర్సిపొయ్యిండ్రంట.
కాలేజి పిల్లలు గదా,
బిస్కెట్లు మర్వలే, బ్యానరు మర్వలే,
టేపొకటే మర్సి పుట్టెక్కిండ్రు.
క్రిష్ణ నడుమ గడ్డ మీదికి పొయ్యినంక
వలలల్లే దారం తెంపి
ఒక్కొక్క పిల్లను కొల్సిండ్రు.
ఛాతికాడ ముడి, నడుంకాడ ముడి,
పొడుగెంతో దారమంత.

ఆ చిక్కంతా తెచ్చి నా మిషిని మీద పోసి
"అక్కా, దసరాకు కుట్టియ్యాలె" అన్నడు శరణప్ప.
"పైసలో?" అంటె
నవ్విండు.

దారానికొక చీటి కట్టి పేర్లు రాసిండ్రు గని
పుట్టిల నీళ్ళు చేరి సిరా కారి
పేర్లన్నీ కలిసి ఒక్క నీలిమరక.
గద్వాల గల్లీల ముప్పై ఏండ్ల సంది కుడుతున్న,
మొకం జూడక గుడ్డ కొయ్యలే ఎన్నడు.
ఇప్పుడు దారాన్నే మొకమనుకోవాలె.
ముడి వదులుగుంది, ఇది నిలవని పిల్ల.
ఇది ఊపిరి బిగబట్టి కొలిపిచ్చుకున్న పోరడు.

ఒక్కటి మాత్రం నాకు అందలే,
ఇరవై మూడోది.
ఛాతి జూస్తె ఆరేండ్లు, పొడుగు జూస్తె ఏడాదన్న లేదు.
ఎవరి బిడ్డనో, ఏం రోగమో,
కడుపుకు సరిగ్గ లేదేమో అనుకోని
మగ్గం భావన్న ఇచ్చిన ఎర్రపట్టు అంచు ముక్క
ఇంక దేనికో దాచుకున్నది
దానికే ఏసిన.

దసరా రెండొద్దులుందనంగ
జూరాల గేట్లు దించిండ్రని తెల్సి బయలెల్లినం.
పుట్టెక్కుడు నాకదే మొదలు.
తిమ్మప్ప తెడ్డేస్తుంటె గిర్రున తిరుగుతది,
గద్వాల ఒకపారి ముందటికొస్తది
ఒకపారి ఎనక్కి పోతది.
"నీళ్ళను జూడకక్కా, ఒడ్డును జూడు" అంటడు.
ఏ ఒడ్డునో చెప్పడు.

బ్యానరు గాలికి చుట్టుకపొయ్యింది, ఫోటో దిగుడు కాలే.
పిల్లలు వరసల నిలవడరు.
దారం పట్టి మళ్ళ కొల్సి
ఎవరిది వాళ్ళకు తొడుగుకుంట పోయిన.
సుంకులు తన గౌనులో గుండ్రంగ తిరిగి తిరిగి
కూలవడి, లేసి, మళ్ళ తిరిగింది.
పెద్దమనిషైతున్న ఒక పిల్ల
జేబు లేదని అలిగింది. ఆమెది న్యాయమే.

ఎర్రది మిగిలింది.
ఎత్తి పట్టుకోని "ఎవరిదిరా" అంటె ఎవరూ పలకరు.
ఎనక నుంచి ఉరుకుందు,
కొత్తంగి బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నడు,
"అది నా మేకపిల్లది" అన్నడు.

శరణప్ప నవ్విండు. తిమ్మప్ప తెడ్డిడ్సి నవ్విండు.
నేను గూడ.
"కొత్తబట్టలేసుకున్నోళ్ళను పండుగనాడు కొయ్యరు గదా?"
వాడు అడిగింది నన్నే.

దారం తెగి సూది ఉత్తగ ఆడుతది సూడు,
అట్లైంది అందరి నవ్వు.
గుడిసె ముందర వాళ్ళ నాయిన
రాయి మీద కత్తి రుద్దుడు ఆపిండు.
ఆయన తప్పేముంది,
ఏడాదికొకనాడు ఇంటినిండ కూర.
నేనేమన్న తిననిదాన్నా?

మోకాళ్ళ మీద కూసోని తొడిగిన.
ముందరి కాళ్ళు చేతులల్ల పట్టినయి,
ఈపు మీద బొత్తాలు సరిగ్గ కూడినయి.
కొలత తప్పలే.
అది అంచును నమలబట్టె.

పొద్దుగూకకముందే మళ్ళినం.
తర్వాత ఏమైందని అడగలే.
దసరనాడు మా ఇంట్ల కూరుడికింది,
నేను పప్పేసుకున్న,
ఎందుకని నన్నూ ఎవరడగలే.

ఈ ఏడు శరణప్ప టేపు మర్వలే.
కాయితం మీద అంకెలు, పక్కన పేర్లు,
దస్తూరి మంచిగుంది.
మడత ఇప్పితె లోపల ఒక వల దారం,
పేరు లేదు, అంకె లేదు,
పాత ముడి అట్లనే ఉంచి
జానెడు అవతల ఇంకో ముడి.

ముక్కుకాడ పెట్టుకోని జూసిన.

భావన్న మగ్గం బందు పెట్టకముందే పోవాలె,
పచ్చంచు ముక్కలేమన్న ఉన్నయేమో,
ఈసారి ఎక్కువ వడతది.